లాప్‌టాప్‌కు రాయితీ ఎందుకు?

పిల్లలూ! నల్లకుంట కూరగాయల మార్కెట్టులో పొద్దున కిలో 40 రూపాయలు పలికిన టమాటాలు చీకటి పడేసరికి 30కే దొరికాయనుకోండి. అందులో వింతేమీ లేదు. రాత్రి గడిస్తే అవి మెత్తబడతాయి. ఆ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు.

మరి సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో అద్దాల బీరువాలో ఉన్న లాప్‌టాప్ కుళ్ళదు కదా! దాని మీద వేలకు వేలు ఎందుకు తగ్గిస్తారు?

లాప్‌టాప్ చెడదు గాని, దాని విలువ తరిగిపోతుంది. ఒక చిప్పులో ఇమిడే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతోందని 1965లో గోర్డన్ మూర్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పాడు. 1975లో ఆయనే ఆ గడువును రెండేళ్ళకు సవరించాడు. ఆ వేగం ఇప్పుడు మందగించింది. అయినా కొత్త ప్రాసెసర్లు దాదాపు ఏటా వస్తూనే ఉన్నాయి. కొత్తది వచ్చాక పాతదాన్ని పాత ధరకు ఎవరు కొంటారు? గోదాములో సరుకు ఉన్నంతకాలం దాని మీద పెట్టిన డబ్బు చిక్కుకున్నట్లే. అందుకే తయారీదారులు ధర తగ్గించి అమ్మేస్తారు.

ఇంకొక కారణం ఉంది. చిప్పును రూపొందించడానికీ, కర్మాగారం కట్టడానికీ అపారమైన ఖర్చవుతుంది. ఆ తరువాత ఒక్కొక్క చిప్పు తయారీకి అయ్యేది అందులో అతి స్వల్పం. కనుక తొందరపడేవారికి ఎక్కువ ధరకు, ఆగగలవారికి తక్కువ ధరకు అమ్మినా వారికి లాభమే.

అయితే శాతాలను చూసి మోసపోకూడదు. 70,000 అంకెను కొట్టివేసి 49,000 అని రాస్తే అది 30 శాతం తగ్గింపు. కాని అదే లాప్‌టాప్‌ను పోయిన నెల 51,000కు అమ్మి ఉంటే, నిజంగా తగ్గింది 2,000 మాత్రమే. అంటే సుమారు 4 శాతం!

మరి ఎప్పుడు కొనాలి? కాలేజీలు తెరిచే జూన్, జూలై నెలల్లోనూ, దసరా దీపావళి రోజుల్లోనూ, కొత్త రకం విడుదలైన వెంటనే పాత రకం మీదా రాయితీలు ఎక్కువ. అలాగని ఆగితే ధర తగ్గి తీరుతుందన్న నియమం లేదు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాలకు గిరాకీ పెరగడంతో మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. కాబట్టి చదువుకు అవసరమైనప్పుడు కొనడమే మంచిది.

మరీ చవకైనదాన్ని మరింత పరీక్షగా చూడాలి. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ఆగిపోయాయి. విండోస్ 11ను నడపలేని పాత యంత్రం ఎంత చవకైనా విండోస్ వాడేవారికి బేరం కాదు.

అక్కకో అన్నకో లాప్‌టాప్ కొనడమంటే చాలా ఇళ్ళలో ఎన్నో నెలల పొదుపు. మీ ఇంట్లో ఆ ఆలోచన ఉంటే ఒక పని చేయండి. మోడల్ నంబరు, ప్రాసెసర్, మెమరీ, వారంటీ వివరాలు నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగు ఆదివారాలు దాని ధరను ఎదురుగా వేసుకోండి. నిజమైన రాయితీ ఏదో ఆ పట్టికే చెబుతుంది.