ఇంట్లో అడగనివ్వని పౌరశాస్త్రం

ఆళ్లగడ్డలో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే వారి అమ్మాయి సాంఘిక శాస్త్రం వల్లె వేస్తోంది. పార్లమెంటులో ఎన్ని సభలు, ప్రాథమిక హక్కులు ఏవి, సుప్రీంకోర్టు ఏం చేస్తుంది, అన్నీ తడుముకోకుండా ఒప్పజెప్పింది. మేము మెచ్చుకుని, "బేటీ, మీ బడికి ఒక కమిటీ ఉంటుంది కదా, అందులో ఎవరెవరున్నారు?" అని అడిగాం. ఆ పిల్ల పుస్తకం వైపు చూసింది. పుస్తకంలో ఆ పేర్లు ఎక్కడుంటాయి? వంటింట్లోంచి తల్లి నవ్వుతూ, "నేనే ఉన్నా భాయ్. సంతకం పెట్టమంటే పెట్టి వచ్చినా" అంది. తన తల్లి ఆ కమిటీలో ఉందన్న సంగతి కూతురికి అప్పుడే తెలిసింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆ తల్లికి ఇచ్చిన స్థానం సంతకానికి పరిమితమైనది కాదు. చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమల్లో ఉంది. దాని ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బడి ఎలా నడుస్తున్నదో చూడడం, అభివృద్ధికి ప్రణాళిక వేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో అడగడం వారి పని. అంటే రిజిస్టరులో ఏముందో చదివి సంతకం చేసే హక్కు ఆమెకుంది. చదవకుండా చేసింది. ఎవరూ చదవమనలేదు, ఆమె అడగలేదు.

ఇందులో తప్పు ఉపాధ్యాయులదేనని తేల్చేయడం సులభం. కాని మన ఇళ్లలో ఏం జరుగుతోంది? పిల్లవాడు "మన వీధిలో కాలువ ఎందుకు తీయరు?" అంటే, "నీకెందుకురా, చదువుకో" అంటాం. ఈ ప్రాంతంలో ఆ మాట ఊరికే పుట్టలేదు. ముఠా తగాదాలు చూసిన పెద్దలకు, నలుగురిలో ఒక ప్రశ్న అడిగితే ఫలానా వర్గం వాడని ముద్ర పడిన రోజులు గుర్తున్నాయి. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే తండ్రిని కాపాడిన మౌనమే కొడుకు నోరు కట్టేస్తోంది. రేపు రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, ఓటరు జాబితాలో పేరు లేకపోయినా, ఎవరిని అడగాలో తెలియక వాడు మధ్యవర్తి చుట్టూ తిరుగుతాడు.

విచిత్రమేమంటే, పౌరశాస్త్రానికి నంద్యాల, ఆళ్లగడ్డలంత మంచి తరగతి గదులు దొరకవు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, జనతా పార్టీకి దక్కిన ఒక్కటి నంద్యాల. ఇక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి ముందు లోక్‌సభ స్పీకర్, కొద్ది నెలల్లోనే రాష్ట్రపతి అయ్యారు. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసినప్పుడు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. ఆరు నెలల్లోగా సభ్యుడు కావాలని రాజ్యాంగం 75వ అధికరణ చెబుతుంది. అందుకే ఆ ఏడాది నవంబరులో నంద్యాలలో ఉప ఎన్నిక వచ్చింది. తెలుగుదేశం పోటీ పెట్టలేదు. పి.వి. 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ రోజు వరుసలో నిలబడి ఓటేసిన నానీలు, దాదాలు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు. 75వ అధికరణ చదివే మనవడు ఆ మంచం పక్కనే కూర్చుని, వారిని ఒక్క మాట అడగకుండానే పరీక్షకు వెళ్తున్నాడు!

ఆళ్లగడ్డ సంగతి ఇంకా లోతైనది. 2014 ఏప్రిల్‌లో అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో మరణించారు. మే 7న పోలింగు ఆగలేదు. అభ్యర్థి చనిపోతే ఎన్నిక వాయిదా వేయాలన్న నియమం గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకే వర్తిస్తుంది. ఆమె పార్టీకి అప్పటికి ఆ గుర్తింపు లేదు. ఆమెకు పడే ఓట్లను ఏం చేయాలన్న దానిపై ఎన్నికల సంఘం ముందు ఒక మాట చెప్పి, తర్వాత మార్చుకుంది. చివరకు ఆమె గెలిచినట్లు ప్రకటించారు. స్థానం ఖాళీ అయింది. అదే ఏడాది ఉప ఎన్నికలో ఆమె కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. లేని మనిషికి ఓటెందుకు వేశారు? ఏకగ్రీవం మంచిదా, ఓటరుకు ఎంచుకునే అవకాశం పోయినట్లా? ఈ రెండు ప్రశ్నలు ఇంట్లో వేస్తే చాలు, నాలుగు రోజుల చర్చ నడుస్తుంది. తండ్రీ కొడుకులకు పొత్తు కుదరకపోయినా నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త అవసరం. "ఎవరికి వేశావు?" అని పిల్లలు పెద్దల్ని అడగరాదు. రహస్య ఓటు కూడా పౌరశాస్త్రమే. "వేసేముందు ఏం చూశావు?" అని అడగవచ్చు. ఈ తేడా పిల్లలకు మనం నేర్పగలిగితే, పెద్దల భయం సగం తగ్గుతుందని మా నమ్మకం.

ఇంటి నుండి వీధికి వద్దాం. నంద్యాలలో గట్టి వాన పడితే కుందూ, మద్దిలేరు, చామకాలువ ఎక్కడ పొంగుతాయో, ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో పిల్లలకు మనకంటే బాగా తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లలు పదిమంది ఒక ఆదివారం పెద్దల దగ్గర కూర్చుని, నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఎవరు ఏం చేశారో రాసుకుంటే? వీధి మురుగుకాలువ మునిసిపాలిటీది, వాగు జలవనరుల శాఖది. ఏ అర్జీ ఎవరికి ఇవ్వాలో తేల్చుకునేసరికే స్థానిక పాలన పాఠం పూర్తవుతుంది. ఆ తర్వాత వార్డు కౌన్సిలరును పిలిచి అడగవచ్చు. మసీదు ఆవరణలోనో, బడి వరండాలోనో, ఎక్కడైనా సరే. అమ్మాయిల్ని వెనక వరుసలో కూర్చోబెట్టి టీ కప్పులు అందించమనకుండా ఉంటే మరీ మంచిది.

పొరుగున కర్ణాటకలో పిల్లల కోసం ప్రత్యేకంగా గ్రామసభలు జరుపుతారు. అక్కడ బడి పిల్లలు పంచాయతీ వారిని మరుగుదొడ్ల గురించి, దారి గురించి నిలదీస్తారు. మన రాష్ట్రంలో 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ నడిపారు. ముచ్చటైన పనే. కాని నియోజకవర్గానికి ఒక్కరు చొప్పున వెళ్లివస్తే మిగిలిన వేలాది మంది చప్పట్లు కొట్టే వారుగానే మిగులుతారు. వారికి వీధి సభే గతి.

అడిగే హక్కుకు వయసు లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం "పౌరులు" అన్నదే గాని పద్దెనిమిదేళ్లు నిండాలనలేదు. 2012లో లక్నోలో ఒక ఆరో తరగతి బాలిక, గాంధీజీకి జాతిపిత అన్న బిరుదు ఎప్పుడు ఇచ్చారని ఈ చట్టం కింద ప్రశ్న పంపింది. ఢిల్లీలో కార్యాలయాలన్నీ వెదికి, అలాంటి ఉత్తర్వు తమ వద్ద లేదన్నాయి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. తెలుగు రాయడం కష్టమైన ఉర్దూ మీడియం పిల్లలకు మరో మాట: 2022 నుండి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కార్యాలయం కూడా దగ్గరయింది. అంతకుముందు ఆళ్లగడ్డ నుండి అర్జీ పట్టుకుని కర్నూలు దాకా పోవాల్సి వచ్చేది.

పదిహేడేళ్లు దాటిన పిల్లలు ఇంట్లో ఉంటే ఫారం 6 నింపి ముందుగానే ఇవ్వవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఎప్పుడు పద్దెనిమిది నిండితే అప్పుడు పేరు చేరుతుంది. ఫారం పిల్లలతోనే నింపించండి, మీరు పక్కన కూర్చోండి.

మేము ఆళ్లగడ్డ నుండి బయలుదేరేటప్పుడు ఆ అమ్మాయి తల్లిని పట్టుకుంది. "అమ్మీ, ఈసారి మీటింగు ఎప్పుడు? ఆ రిజిస్టరులో ఏం రాసింటారు?" తల్లికి తేదీ తెలియదు. "రేపు పోయి అడుగుతా" అంది. "నువ్వూ రా. చదివి చెప్పేది నువ్వే."