ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లలో చక్రాల ఎడం అసమానత – నష్టాలు, సవరణ పద్ధతులు

తెలుగు రాష్ట్రాల్లో వరి దమ్ముకు, నల్లరేగడి నేలల్లో లోతు దుక్కులకు నాలుగు చక్రాలతో లాగే ట్రాక్టర్ల వాడకం పెరుగుతున్నది. ఇంజను శక్తి ముందు, వెనుక చక్రాలు రెండింటికీ చేరడం వల్ల బురదలోనూ, మెత్తని నేలలోనూ ఈ ట్రాక్టర్లకు పట్టు ఎక్కువ, జారుడు తక్కువ. అయితే ఈ ప్రయోజనం దక్కాలంటే నాలుగు చక్రాలూ ఒక పద్ధతిలో నిలబడాలి. చక్రాల మధ్య ఎడం, టైర్ల పరిమాణం, గాలి ఒత్తిడి వీటిలో ఏ ఒక్కటి పొంతన తప్పినా డీజిలు ఖర్చు పెరుగుతుంది, టైర్లు త్వరగా అరుగుతాయి, పైరు దెబ్బతింటుంది. వాలు నేలల్లోనూ కాలువ గట్లపైనా నడిపేవారి ప్రాణాలకే ముప్పు ఏర్పడుతుంది.

చక్రాల ఎడం అంటే ఏమిటి?

ఒకే ఇరుసుపై ఉన్న కుడి, ఎడమ టైర్ల నడిమి గీతల మధ్య దూరాన్ని చక్రాల ఎడం అంటారు. యంత్ర పరిభాషలో దీనినే వీల్ ట్రాక్ అంటారు. ముందు ఇరుసుకు ఒక ఎడం, వెనుక ఇరుసుకు ఒక ఎడం ఉంటాయి. ఈ రెండూ సమానంగా ఉండి తీరాలనే నియమం లేదు. చేసే పనిని బట్టి, తయారీదారు అనుమతించిన హద్దుల్లో వీటిని మార్చుకోవచ్చు. కానీ ట్రాక్టరు నడిమి గీత నుంచి కుడి చక్రం ఎంత దూరంలో ఉన్నదో ఎడమ చక్రమూ అంతే దూరంలో ఉండాలి. ఇది తప్పితేనే అసలు చిక్కు మొదలవుతుంది.

టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ముందు ఇరుసును సాధారణంగా గొట్టంలో గొట్టంలా జరిపి ఎడం మార్చవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ముందు ఇరుసులో శక్తిని మోసే షాఫ్టులు, గేర్లు ఉంటాయి కనుక ఆ వీలు సాధారణంగా ఉండదు. డిస్కును తిప్పి బిగించడం, రిమ్మును డిస్కుకు లోపలి వైపుగానో వెలుపలి వైపుగానో అమర్చడం ద్వారానే ఎడం మార్చాలి.

అసమానత ఎలా వస్తుంది?

పొలంలో ఎక్కువగా కనిపించే కారణం పంక్చరు మరమ్మతు. చక్రాన్ని విప్పి తిరిగి బిగించేటప్పుడు డిస్కు గుంట వైపు తారుమారైతే ఆ ఒక్క చక్రమే లోపలికో వెలుపలికో జరిగిపోతుంది. చూడగానే కంటికి ఆనదు. రెండో కారణం, ఒక పక్క కొత్త టైరు, రెండో పక్క అరిగిన టైరు వేయడం. మూడోది, రెండు పక్కలా గాలి ఒత్తిడి వేరుగా ఉండటం. నాలుగోది, దమ్ము కోసం బిగించే ఇనుప కేజ్ వీల్స్ రెండు పక్కలా ఒకే వ్యాసం, ఒకే వెడల్పు కలిగి ఉండకపోవడం. ఎడం పెంచాలని ఇరుసుకు, డిస్కుకు మధ్య స్థానికంగా చేయించిన ఇనుప దిమ్మలను బిగించడం మరో పొరపాటు. దీనివల్ల బేరింగులపైనా, బోల్టులపైనా వాటి తాహతుకు మించిన భారం పడుతుంది.

దుక్కిపై ప్రభావం

పూర్వం నల్లరేగడి బండ్లబాటల్లో ఇరుసు పొడవు వేరైన బండికి ఒక చక్రం గాడిలో, ఒక చక్రం గట్టుపై నడిచేది. ఎద్దులకు ఆ బరువు అదనం. ట్రాక్టరుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ముందు చక్రాలు అణచిన జాడలోనే వెనుక చక్రాలు నడిస్తే వాటికి గట్టి నేల దొరికి జారుడు తగ్గుతుంది. ముందు, వెనుక ఎడాలు బాగా వేరైతే రెండు జాడలకు బదులు నాలుగు జాడలు పడతాయి. నేల గట్టిపడటంలో అధిక భాగం చక్రం మొదటిసారి తొక్కినప్పుడే జరుగుతుంది కనుక నాలుగు జాడలు పడితే గట్టిపడే విస్తీర్ణం పెరుగుతుంది. వేళ్ళు దిగే లోతు, నీరు ఇంకే గుణం ఆ మేరకు తగ్గుతాయి.

రోటవేటరుతో దున్నేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఉదాహరణకు వెనుక చక్రాల ఎడం 150 సెం.మీ., టైరు వెడల్పు 34.5 సెం.మీ. అయితే టైర్ల వెలుపలి అంచుల మధ్య దూరం 184.5 సెం.మీ. అవుతుంది. 180 సెం.మీ. వెడల్పు గల రోటవేటరును నడిమికి అమర్చితే ఒక్కో పక్క సుమారు 2 సెం.మీ. మాత్రమే మిగులుతుంది. ఒక చక్రం 10 సెం.మీ. వెలుపలికి జరిగితే ఆ పక్క 12 సెం.మీ. మేర టైరు అణచిన జాడ దున్నకుండా ఉండిపోతుంది.

రెక్క నాగలితో దున్నేటప్పుడు ఒక పక్క చక్రాలు చాలులో నడుస్తాయి. అందువల్ల ముందు, వెనుక టైర్ల లోపలి అంచులు దాదాపు ఒకే వరుసలో ఉండాలి. లేకుంటే నాగలి ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగును అదే పనిగా తిప్పి పట్టుకోవలసి వస్తుంది, చాలు వంకర పోతుంది.

అంతరకృషిలో సాళ్ళకు పొంతన

పైరు సాళ్ళ మధ్య ట్రాక్టరు నడవాలంటే చక్రాల ఎడం సాళ్ళ దూరానికి సరిగుణిజంగా ఉండాలి. పత్తిని 90 సెం.మీ. సాళ్ళలో వేస్తే 180 సెం.మీ. ఎడం సరిపోతుంది. మొక్కజొన్నను 60 సెం.మీ. సాళ్ళలో వేస్తే 120 లేదా 180 సెం.మీ. ఎడం కావాలి. అంటే 180 సెం.మీ. ఎడం అమర్చుకొనే వీలున్న ట్రాక్టరు ఈ రెండు పంటలకూ పనికివస్తుంది.

60 సెం.మీ. సాళ్ళ నడుమ 34.5 సెం.మీ. టైరు సరిగ్గా మధ్యలో నడిస్తే రెండు పక్కలా 12.75 సెం.మీ. చొప్పున ఖాళీ ఉంటుంది. ఒక చక్రం 10 సెం.మీ. జరిగి ఉంటే ఒక పక్క మిగిలేది 2.75 సెం.మీ. మాత్రమే. ఆ సాలు పొడవునా వేళ్ళు నలిగి, కొన్ని మొక్కలు టైరు కిందనే పడతాయి.

వాలు నేలల్లో ప్రమాదం

ట్రాక్టరు పక్కకు ఒరిగి పడకుండా నిలిపేది రెండే అంశాలు: చక్రాల ఎడం, గరిమనాభి ఎత్తు. గరిమనాభి నేల నుంచి 80 సెం.మీ. ఎత్తున, వెనుక ఎడం 140 సెం.మీ. ఉన్నదనుకుంటే, నడిమి నుంచి ఒక్కో చక్రం 70 సెం.మీ. దూరంలో ఉంటుంది. లెక్క ప్రకారం సుమారు 41 డిగ్రీల వాలు వద్ద ట్రాక్టరు ఒరుగుతుంది. ఒక చక్రం 10 సెం.మీ. లోపలికి జరిగితే ఆ పక్కకు ఒరిగే కోణం 37 డిగ్రీలకు పడిపోతుంది. ముందు ఇరుసు నడుమ ఒక్క కీలుపై ఊగుతూ ఉండటం వల్ల అది కొంత మేర కదిలే దాకా ఒరుగుడును ఆపదు. కాబట్టి వాస్తవంలో ఈ కోణాలు ఇంకా తక్కువ. మలుపులో వేగం రెట్టింపైతే పక్కకు తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గట్టు ఎక్కేటప్పుడు ఒక చక్రం గుంతలో పడితే మిగిలి ఉన్న ఆ కొద్దిపాటి భద్రతా చాలదు.

ముందు, వెనుక చక్రాల నడక

ఈ ట్రాక్టర్లలో ముందు చక్రాలు చిన్నవి, వెనుకవి పెద్దవి. రెంటినీ కలిపే గేర్ల నిష్పత్తి మారదు. ముందు టైరు అంచు వేగం వెనుక టైరు కంటే 1 నుంచి 5 శాతం వరకు ఎక్కువ ఉండేలా తయారీలోనే లెక్క కడతారు. దీనినే ముందంజ అనవచ్చు. ముందంజ ఉంటేనే ముందు చక్రాలు లాగుతాయి. ముందు టైరు దొర్లే వ్యాసార్థం 45 సెం.మీ. ఉన్నప్పుడు 3 శాతం ముందంజ ఉన్నదనుకుందాం. అరుగుడు వల్ల ఆ వ్యాసార్థం 2 సెం.మీ. తగ్గి, వెనుక టైర్లు కొత్తవిగా ఉంటే ముందంజ పోయి సుమారు ఒకటిన్నర శాతం వెనుకంజ ఏర్పడుతుంది. అప్పుడు ముందు చక్రాలు లాగడం మాని బ్రేకులా అడ్డుపడతాయి. జోడెద్దుల్లో ఒకటి నడుస్తుంటే రెండోది మొరాయించినట్లే ఈ స్థితి.

ఇంట్లోనే చేయదగిన పరీక్షలు

• ట్రాక్టరును సమతల నేలపై నిలిపి, స్టీరింగును తిన్నగా ఉంచాలి. ప్రతి టైరు నడిమిని సుద్దతో గుర్తించి, గుండు తాడుతో నేలపైకి దించాలి. ఎడమ, కుడి గుర్తుల మధ్య దూరం ముందూ వెనుకా విడివిడిగా కొలవాలి.

• డ్రాబారు నడిమి నుంచి నేలపైకి గుండు దించి, ఆ గుర్తు నుంచి రెండు వెనుక చక్రాలకు దూరం కొలవాలి. తేడా కనిపిస్తే డిస్కు అమరికను సరిచూడాలి.

• ముందంజ తెలుసుకోవడానికి టైర్లపై సుద్ద గీతలు గీసి, గట్టి మట్టి నేలపై నెమ్మదిగా నడపాలి. వెనుక చక్రం 10 చుట్లు తిరిగేలోగా ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ముందు ఇరుసు శక్తిని తీసివేసి ఒకసారి, కలిపి ఒకసారి లెక్కించాలి. తీసినప్పుడు 15 చుట్లు, కలిపినప్పుడు 15.45 చుట్లు వస్తే ముందంజ 3 శాతం.

• నాలుగు టైర్ల గాలిని చల్లగా ఉన్నప్పుడు మీటరుతో చూడాలి. ఒకే ఇరుసుపై రెండు టైర్లలోనూ సమాన ఒత్తిడి ఉండాలి.

సవరణలో పాటించవలసిన జాగ్రత్తలు

డిస్కును తిప్పి బిగించదలచినప్పుడు ఉన్న చోటనే తిప్పితే టైరు గాళ్ళ దిశ తారుమారవుతుంది. అందువల్ల కుడి చక్రాన్ని ఎడమకు, ఎడమ చక్రాన్ని కుడికి మార్చాలి. టైరుపై గల బాణం గుర్తు ముందుకు తిరిగే దిశనే చూపాలి. నీరు నింపిన టైరు ఎంతో బరువు ఉంటుంది కనుక ఒంటరిగా దించరాదు. గట్టి దిమ్మెలపై ఇరుసును నిలిపి, జాకీని మాత్రమే నమ్ముకోకుండా పని చేయాలి. బోల్టులను ఎదురెదురుగా బిగించి, గంటసేపు పని చేశాక మళ్ళీ బిగించాలి. ముందు ఎడం తగ్గించినప్పుడు స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు బానెటుకు రాసుకోవడం లేదని చూసుకోవాలి. టైర్లను జతలుగానే మార్చాలి; పరిమాణం మార్చదలిస్తే ముందు, వెనుక రెండింటినీ తయారీదారు పట్టిక ప్రకారమే మార్చాలి.

తారు రోడ్డుపై వెళ్ళేటప్పుడు ముందు ఇరుసు శక్తిని తీసివేయాలి. గట్టి రోడ్డుపై టైర్లు జారే వీలు లేక ముందంజ అంతా టైర్ల అరుగుడుగా, గేర్లపై ఒత్తిడిగా మారుతుంది. కేజ్ వీల్సును పొలం గట్టు వద్దనే విప్పాలి.

దమ్ము మొదలయ్యే ముందు ఒకసారి, అంతరకృషికి ముందు ఒకసారి, చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ ఈ కొలతలు తీసుకొని ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. ఇందుకు కావలసినవి టేపు, సుద్ద, గుండు తాడు, గాలి మీటరు మాత్రమే. ఈ చిన్న శ్రమతో డీజిలు, టైర్లు, పైరు దక్కడమే గాక, గట్టు మీద నడిపే మనిషికి భద్రత కూడా పెరుగుతుంది.