వానగాలి రోజులలో డిష్ టెలివిజన్

బంగాళాఖాతములో వాయుగుండము బలపడుచున్నదని వార్త రాగానే తీరగ్రామములలో జనులు టెలివిజన్ యెదుట చేరుదురు. తుపాను ఎచట తీరము దాటును, ఎన్నడు దాటును, పడవలు ఒడ్డున కట్టివేయవలెనా, పల్లపు వాడలవారు పాఠశాల భవనమునకు తరలవలెనా అను ప్రశ్నలకు జవాబు రావలసిన వేళనే తెరమీది బొమ్మ గళ్లు గళ్లుగా చీలిపోవును. కొంతసేపటికి సిగ్నల్ లేదను అక్షరములు మాత్రము మిగులును. ఎండ కాచిన దినములలో చక్కగా పనిచేసిన పరికరము అక్కరపడిన గడియలో మొండికెత్తుట చూచి, దానిని అమ్మినవానిని తిట్టుకొనువారు కలరు. వర్షములోనే డాబా యెక్కి డిష్‌ను అటునిటు త్రిప్పువారును కలరు. మొదటిదానివలన లాభము లేదు. రెండవదానివలన ప్రాణమునకే ముప్పు.

పంచాయతీ కార్యాలయమునందో, సామాజిక భవనమునందో ఉమ్మడి టెలివిజన్ ఉన్న గ్రామములలో దాని బాగోగులు చూచుట పంచాయతీ పని. కావున వానకును బొమ్మకును గల సంబంధమును సభ్యులు కొంత తెలిసికొనుట అవసరము.

మన డిష్‌లకు కార్యక్రమములను పంపు ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానముగా తిరుగుచు, మన కంటికి ఒకేచోట నిలిచినట్లుండును. దూరదర్శన్ వారి ఉచిత డిష్ ప్రసారములు వచ్చు జీశాట్-15 ఉపగ్రహము 2015 నవంబరులో ప్రయోగింపబడినది, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నిలిచియున్నది. అంత దూరమునుండి వచ్చు తరంగములు మన ఇంటికప్పు చేరునప్పటికి మిక్కిలి సన్నగిల్లియుండును. డిష్ వానిని దోసిటితో నీరు పట్టినట్లు పట్టి, తన యెదుట చేతికఱ్ఱపై నున్న ఎల్.ఎన్.బి. అను చిన్న పెట్టెలోనికి కూర్చును. అచటినుండి కేబుల్ ద్వారా సంకేతము లోపలి సెట్-టాప్ బాక్సునకు పోవును.

ఈ తరంగముల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వానచినుకు కొన్ని మిల్లీమీటర్లుండును. తరంగము పొడవు తగ్గి చినుకు పరిమాణమునకు దగ్గరపడిన కొలదియు, చినుకులు దానిలో కొంత శక్తిని పీల్చుకొనును, కొంత చెదరగొట్టును. గంటకు 10 మిల్లీమీటర్ల చొప్పున కురియు మామూలు వానలో మనకు చేరవలసినదానిలో మూడవవంతు తగ్గవచ్చును. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కుండపోతగా కురిసినచో పదింట ఒక వంతైనను మిగులుట కష్టము. ఆకాశము మబ్బుపట్టినంతమాత్రమున గాని, పొగమంచు కమ్మినంతమాత్రమున గాని బొమ్మ పోదు. బొమ్మను పోగొట్టునది పెద్ద చినుకుల జడివాన.

ఇచట ఒక పాత ముచ్చట చెప్పవలెను. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, ఒక సంవత్సరకాలము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సహాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ చూపిరి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ గ్రామములలో నిలిపిన డిష్‌లు మూడు మీటర్ల వెడల్పున, కోళ్లదొడ్లకు చుట్టు తీగవలవంటి వలతో చేసినవి. నాటి తరంగము పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వానచినుకులు దానిని లెక్కచేయదగినంతగా అడ్డగింపలేవు. ఇప్పుడు డిష్ చిన్నదైనది, ధర తగ్గినది, చానళ్లు పెరిగినవి. దానికి బదులుగా వానకు లోబడవలసి వచ్చినది. చేతిలో పట్టు డిష్ కావలెనన్నచో పొట్టి తరంగము తప్పదు గనుక ఇది ఎవరి తప్పును కాదు.

వెనుకటి ప్రసారములలో సంకేతము తగ్గిన కొలది తెరపై ఇసుక చల్లినట్లు చుక్కలు పెరిగెడివి. బొమ్మ మసకబారినను మాట వినబడెడిది. నేటి డిజిటల్ పద్ధతిలో అట్టి నడిమి స్థితి లేదు. చాలినంత సంకేతము ఉన్నంతవరకు బొమ్మ అద్దమువలె ఉండును. ఆ హద్దు దాటి కొంచెము తగ్గగానే గళ్లుగా విరిగి మాయమగును. ఇందుచేత ఒక మోసము కలుగుచున్నది. డిష్ సగము గురి తప్పియున్నను ఎండ దినములలో బొమ్మ చక్కగానే కనబడును. ఆ డిష్‌కు చేతిలో మిగులు లేదని తొలి వాననాడు గాని తెలియదు. మిగులు ఉన్న డిష్ నడితరపు వానను తట్టుకొనును. మిగులు లేనిది తుంపరకే చేతులెత్తును.

కావున మొదటి పని ఎండలోనే చేయవలెను. సెట్-టాప్ బాక్సు మెనూలో సిగ్నల్ బలము, నాణ్యత అను రెండు అంకెలు కనబడును. బలము కంటె నాణ్యతయే ముఖ్యము. నిర్మలమైన దినమున ఆ అంకెను చూచి, తేదీ వేసి, పెట్టె ప్రక్కనే ఒక కాగితమున వ్రాసి అంటించవలెను. మూడు నెలల తరువాత, మరల నిర్మలమైన దినముననే, అంకె తగ్గినదేమో చూచినచో డిష్ కదలినదో, తుప్పు పట్టినదో, చెట్టుకొమ్మ అడ్డు వచ్చినదో వానకు ముందే తెలియును. వేపయైనను కొబ్బరియైనను ఏటేటా పెరుగుచుండును. తడిసిన ఆకు పొడి ఆకుకంటె ఎక్కువగా అడ్డగించును.

గురి ఎంత సున్నితమైనదో చెప్పెదను. 60 సెంటీమీటర్ల డిష్ అంచు ఒక్క సెంటీమీటరు జరిగినచో గురి సుమారు రెండు డిగ్రీలు తప్పును. డిగ్రీన్నర తప్పినచో అందు సంకేతము సగమగును. ఉచిత డిష్ ఉపగ్రహము మన తెలుగు ప్రాంతములనుండి ఆగ్నేయ దిక్కున, నేలకు 60 మొదలు 67 డిగ్రీల ఎత్తున ఉన్నది. అయితే డిష్ ముఖము అంత పైకి చూచుచున్నట్లు కనబడదు. ఈ రకపు డిష్‌లలో ఎల్.ఎన్.బి. నడుమ గాక క్రిందివైపున ఉండుటచే, డిష్ తాను చూచుచున్న చోటికంటె ఇరువది డిగ్రీలకు పైగా క్రిందికి వంగినట్లుండును. ఇది తెలియక తప్పుగా బిగించిరని భ్రమించి పైకెత్తినవారు ఉన్న బొమ్మను పోగొట్టుకొందురు.

ఉమ్మడి టెలివిజన్‌కు 90 సెంటీమీటర్ల డిష్ పెట్టుట మేలని నా అభిప్రాయము. దాని వైశాల్యము 60 సెంటీమీటర్లదానికి రెండుంబాతిక రెట్లు. అంత మేరకు సంకేతము ఎక్కువ పట్టును. ఇంటింటికి అది అక్కరలేదు గాని, ఊరంతయు నమ్ముకొనునది కొంత మిగులుతో ఉండవలెను. కుండపోతను మాత్రము అదియు గెలువలేదు. ఉరుములతో వచ్చు జడివాన నడిభాగము సాధారణముగా కొన్ని కిలోమీటర్ల వెడల్పే కావున, పదో యిరువదియో నిమిషములు ఓపిక పట్టినచో బొమ్మ దానంతటదియే తిరిగివచ్చును. ఆ సమయమున చానళ్లు మరల వెదకించు మీట నొక్కరాదు. సంకేతము లేనప్పుడు వెదకినచో ఉన్న పట్టికయు చెరిగిపోవచ్చును.

వాన వెలసిన తరువాతను బొమ్మ రానిచో దోషము ఆకాశమున లేదు, తీగలో ఉన్నది. నేను చూచిన డిష్ ఫిర్యాదులలో ఎక్కువ భాగము నీరు చొరబడిన అతుకులే. కేబుల్‌ను ఎల్.ఎన్.బి.కి బిగించు చోట రబ్బరు తొడుగు ఎండకు పగులును. అందుండి నీరు లోని అల్లిక తీగలోనికి దిగి, ఒత్తి నూనెను పీల్చినట్లు మీటర్ల దూరము ప్రాకును. రాగి పచ్చబడును. ఒక ఊరిలో సెట్-టాప్ బాక్సు వెనుక పిన్నునుండియే నీటిబొట్టు రాలుట చూచితిని. వారు అంతవరకు బాక్సును రెండుమార్లు మార్చిరి. అతుకు విప్పి చూచినవారు లేరు.

దీనికి అగు ఖర్చు స్వల్పము. బయటి అతుకులన్నిటిని బాగుగా బిగించి, తమలో తాము అంటుకొనిపోవు రబ్బరు టేపును క్రిందినుండి పైకి, ఇంటి పెంకుల వరుసవలె ఒకదానిపై ఒకటి వచ్చునట్లు చుట్టవలెను. మామూలు నల్ల కరెంటు టేపు రెండు వేసవులకు జిగురు కారి ఊడును. కేబుల్ గోడలోనికి పోవుటకు ముందు కొంచెము క్రిందికి వ్రేలాడు వంపు విడిచినచో, నీరు ఆ వంపు చివరనే కారిపోవును, లోనికి రాదు. బయట ముక్కకు ముక్క అతికిన కేబుల్ కంటె ఒకే పొడవుది వేయుట ఉత్తమము. కొన్ని చానళ్లు వచ్చి కొన్ని మాత్రమే రానిచో కూడ అతుకునే అనుమానింపవలెను: సెట్-టాప్ బాక్సు కొన్ని చానళ్ల కొరకు 13 వోల్టులు, కొన్నిటికి 18 వోల్టులు పైకి పంపుచుండును, తుప్పు పట్టిన అతుకు ఆ వోల్టులను తినివేయును. ఎల్.ఎన్.బి. ముఖముపైనున్న ప్లాస్టిక్ మూత చిట్లినచో దానిని మార్చవలసినదే.

గాలి మాట. గంటకు 150 కిలోమీటర్ల గాలి 60 సెంటీమీటర్ల డిష్‌ను సుమారు 35 మొదలు 40 కిలోల బరువుతో నెట్టును. 90 సెంటీమీటర్లదానిని 80 కిలోలకు పైగా. నాలుగు ఇటుకలు పేర్చి నిలిపినది గాని, పిట్టగోడ గారకు మేకులతో కొట్టినది గాని ఇంత తోపునకు నిలువదు. కాంక్రీటులోనికి దిగిన నాలుగు యాంకర్ బోల్టులు కావలెను. సముద్రతీరమున జస్తుపూత లేని బోల్టులు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పట్టును. గురి కుదిరిన పిమ్మట గొట్టముపై రంగుతో ఒక గీత గీసియుంచినచో, డిష్ గాలికి తిరిగినదో లేదో క్రిందనుండియే చూడవచ్చును.

పిడుగు విషయము నవ్వులాట కాదు. డిష్‌ను ఇంటిపై అన్నిటికంటె ఎత్తున పెట్టరాదు. ఆగ్నేయము కనబడినచో పిట్టగోడ దిగువనున్నను చాలును. దాని ఇనుప కాలుకు మందమైన రాగితీగ తగిలించి ఎర్తు చేయవలెను. ఉరుములు దూరమున ఉండగనే కరెంటు ప్లగ్గును, డిష్ కేబుల్‌ను రెంటిని ఊడదీయవలెను. ఒకటి తీసి ఒకటి ఉంచినచో తీయనట్లే. మెరుపుల వేళ డాబా యెక్కవద్దని కార్యాలయపు నౌకరుకును, ఊరి ఎలక్ట్రీషియనుకును సర్పంచి స్వయముగా చెప్పియుంచవలెను. పెద్దలు తొందరపెట్టుటచేతనే వారు ఎక్కుచుందురు.

ఇన్ని చేసినను తుపాను రాత్రి డిష్‌నే నమ్ముకొని కూర్చుండరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. ఆ ప్రాంతపు పెద్దలకు వేళకు అందు వార్త విలువ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు కరెంటును, సెల్‌ఫోను టవర్లును ఒక్కమారుగా పడిపోయినవి. కావున పంచాయతీ వద్ద సెల్లులతో నడచు రేడియో ఒకటి తప్పక ఉండవలెను. ఆకాశవాణి మధ్యతరంగముల పొడవు వందల మీటర్లు. ఎంత వానయైనను వానికి లెక్క లేదు. సెల్లులను రేడియోలో ఉంచి మరచినచో అవి కారి దానిని చెరచును. విడిగా, పొడిచోట ఉంచి, వాయుగుండము వార్త రాగానే వేసి చూడవలెను. టెలివిజన్‌కు ఇన్వర్టరు ఉన్నచో 150 ఆంపియర్-అవర్ల మంచి బ్యాటరీ ఒక్కటి చిన్న ఎల్.ఇ.డి. టెలివిజన్‌ను, సెట్-టాప్ బాక్సును ఒక పూటకు పైగానే నడుపును. దానితో ఫ్యాను నడుపకున్న పక్షమున.

చివరకొక చిన్న గుర్తింపు. బొమ్మ పోగానే మొదట ప్రక్కయింటివారిని అడుగవలెను. వారికిని పోయినచో వాననో, కార్యక్రమమును పైకి పంపు కేంద్రమునందలి లోపమునో అనుకొనవలెను. మనకు మాత్రమే పోయినచో అతుకులు చూడవలెను. మార్చి నెల మధ్యను, అక్టోబరు ఆరంభమునను, మబ్బు లేని పగలు 11 గంటల ప్రాంతమున కొన్ని నిమిషములు ఉచిత డిష్ బొమ్మ చెదరవచ్చును. అప్పుడు సూర్యుడు సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చి, తన రొదతో దాని మాటను మ్రింగివేయును. డిష్ ముట్టనక్కరలేదు, సూర్యుడు కొంచెము జరుగగానే బొమ్మ వచ్చును.