గిండీలో పుట్టి అనంతకు చేరిన ఇంజినీరింగ్ కళాశాల

దాదాపు ఎనిమిది దశాబ్దాల జేఎన్‌టీయూ ప్రస్థానం

అనంతపురం: కరవు సీమగా పేరుపడిన అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యకు దాదాపు ఎనిమిది దశాబ్దాల చరిత్ర ఉంది. నేటి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ), అనంతపురానికి మూలం 1946లో ఏర్పడిన ప్రభుత్వ కళాశాల. ఆ కళాశాల తొలి తరగతులు మాత్రం అనంతపురంలో కాక మద్రాసులో జరిగాయి. సీమ విద్యార్థికి సొంత గడ్డపైనే ఇంజినీరింగ్ చదువు అందాలన్న ఆకాంక్షకు ఈ సంస్థ ప్రతిరూపం. ఆ ఆకాంక్ష ఏ మేరకు నెరవేరిందన్నది దాని చరిత్రను, ప్రాంగణ జీవితాన్ని కలిపి చూస్తే బోధపడుతుంది.

శ్రీబాగ్ నేపథ్యం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. విద్యావకాశాల్లో కోస్తా జిల్లాలతో సమాన వాటా దక్కదేమోనన్న అనుమానం సీమ నాయకులలో బలంగా ఉండేది. దానిని తొలగించేందుకు 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రాన్ని అభివృద్ధి చేయాలన్న అంశాన్ని చేర్చారు. ఆ హామీ అదే రూపంలో అమలుకు నోచుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధానంతరం నీటి పారుదల, విద్యుత్ పథకాలకు ఇంజినీర్ల అవసరం పెరిగింది. అనంతపురం పొరుగునే తుంగభద్ర ప్రాజెక్టు పనులు 1945లో ఆరంభమయ్యాయి. ఈ పరిస్థితులలో ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం 1946లో తెలుగు ప్రాంతాలకు రెండు ఇంజినీరింగ్ కళాశాలలను మంజూరు చేసింది. ఒకటి కోస్తాలో నెలకొని కాకినాడలో స్థిరపడగా, రెండోది రాయలసీమకు దక్కింది. సొంత వసతి సమకూరే వరకు సీమ కళాశాలను మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో నడిపారు. 1948లో దానిని అనంతపురానికి తరలించారు. తిరుపతిలో 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత ఈ కళాశాల దాని పరిధిలోకి వచ్చింది.

ఒకే గొడుగు కిందకు

1970ల ఆరంభం నాటికి రాష్ట్రంలోని ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలు వేర్వేరు విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండేవి. పాఠ్యప్రణాళికలు, పరీక్షలు దేనికవే. వీటిని ఒకే గొడుగు కిందకు తెచ్చేందుకు శాసనసభ చేసిన చట్టం ద్వారా 1972 అక్టోబరు 2న హైదరాబాద్ కేంద్రంగా జేఎన్‌టీయూ ఆవిర్భవించింది. అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాలలతో పాటు హైదరాబాద్‌లోని లలిత కళలు, వాస్తుశిల్ప కళాశాల దీనిలో భాగమయ్యాయి.

ప్రవేశాల విషయంలో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు కీలకమైనవి. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించారు. దీంతో రాయలసీమ, నెల్లూరు విద్యార్థులకు అనంతపురం కళాశాలలో సింహభాగం సీట్లు ఖాయమయ్యాయి. 1986లో ఎంసెట్ మొదలైనప్పటి నుంచి ర్యాంకు, స్థానికత, రిజర్వేషన్ల ప్రాతిపదికన సీట్లు భర్తీ అవుతూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆ పరీక్షను ఈఏపీసెట్‌గా పిలుస్తున్నారు.

విభజన... విస్తరణ

ప్రైవేటు కళాశాలలు వెల్లువలా రావడంతో హైదరాబాద్ నుంచి రాష్ట్రమంతటి పరీక్షలనూ నిర్వహించడం భారమైంది. 2008 ఆగస్టులో ప్రభుత్వం జేఎన్‌టీయూను విభజించి హైదరాబాద్, అనంతపురం, కాకినాడ విశ్వవిద్యాలయాలుగా చేసింది. లలిత కళలు, వాస్తుశిల్పానికి వేరే విశ్వవిద్యాలయం ఏర్పడింది. నాటి అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు అనంతపురం పరిధిలోకి వచ్చాయి. ధ్రువపత్రంలో పొరపాటు దిద్దించుకోవాలన్నా, పునర్మూల్యాంకనం గురించి ఆరా తీయాలన్నా హైదరాబాద్ బస్సెక్కే అవస్థ సీమ విద్యార్థికి తప్పింది. 2006లో ఏర్పడిన పులివెందుల కళాశాల, 2013లో మొదలైన కలికిరి కళాశాల కూడా ఈ విశ్వవిద్యాలయానివే. వేరుశనగకు పేరొందిన జిల్లాలో నూనెల సాంకేతికతపై పనిచేసే పరిశోధన సంస్థ సైతం దీని అంతర్భాగమే.

రెండు బాధ్యతలు

జేఎన్‌టీయూ విద్యార్థి అంటే అందరూ ప్రాంగణంలో చదివినవారు కారు. తన కళాశాలల్లో బోధించడం విశ్వవిద్యాలయం మొదటి బాధ్యత. అనుబంధ కళాశాలలకు పాఠ్యప్రణాళిక నిర్ణయించి, పరీక్షలు జరిపి, పట్టాలివ్వడం రెండోది. స్వయంప్రతిపత్తి పొందిన కళాశాలలు పాఠ్యాంశాలను, ప్రశ్నపత్రాలను తామే రూపొందించుకుంటాయి. పట్టా మాత్రం విశ్వవిద్యాలయం పేరుతోనే వెలువడుతుంది. ఎక్కడో పట్టణ శివారు కళాశాలలో ప్రయోగశాల సరిగా లేకున్నా, అధ్యాపకులు కాగితాలకే పరిమితమైనా ఆ మచ్చ ప్రాంగణ విద్యార్థి పట్టాకూ అంటుతుంది. అనుబంధ గుర్తింపు తనిఖీలకు ఉన్న ప్రాధాన్యం ఇదే.

ప్రాంగణంలో జీవితం

ప్రాంగణ విద్యార్థి దినచర్య ఉదయం తరగతులు, మధ్యాహ్నం ప్రయోగశాలల చుట్టూ తిరుగుతుంది. 75 శాతం హాజరు తప్పనిసరి. అనారోగ్యం వంటి కారణాలుంటే 65 శాతం వరకు మినహాయింపు లభిస్తుంది. అంతకన్నా తగ్గితే డిటెన్షనే. తగినన్ని క్రెడిట్లు రాకపోయినా పై సంవత్సరానికి దారి మూసుకుంటుంది. తప్పిన సబ్జెక్టులను ‘బ్యాక్‌లాగ్’ అని, వాటికి రాసే పరీక్షను ‘సప్లీ’ అని విద్యార్థులు పిలుచుకుంటారు. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవారు వర్క్‌షాపులో చురుకుగా ఉంటారు. గణితంలో, ఆంగ్లంలో ఇబ్బంది పడే ఆ సహాధ్యాయులకు ఇంటర్ మీదుగా వచ్చినవారు చేయూతనిస్తారు.

ప్రభుత్వ కళాశాలల వసతిగృహాల్లో ‘డివైడింగ్’ మెస్ పాత ఆనవాయితీ. నెలలో అయిన బియ్యం, కూరగాయలు, వంటవారి జీతాల ఖర్చును విద్యార్థులకు పంచి బిల్లు వేస్తారు. సరుకులు, లెక్కలు చూసే బాధ్యతను విద్యార్థి ప్రతినిధులు పంచుకుంటారు. ప్రైవేటు కళాశాలల కన్నా తక్కువ ఫీజు, ఈ ఉమ్మడి భోజనం వల్లనే ఎందరో మెట్ట రైతుల, కూలీల పిల్లలు చదువు ముగించగలిగారు. 2018 నుంచి 2022 వరకు రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీవో) ఛైర్మన్‌గా పనిచేసిన జి.సతీశ్‌రెడ్డి అనంతపురంలోనే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివారు.

ముందున్న సవాళ్లు

కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ కోర్సులకు గిరాకీ పెరగడంతో సివిల్, మెకానికల్ శాఖలు చాలా ప్రైవేటు కళాశాలల్లో వెలవెలబోతున్నాయి. లాభం చూసుకునే యాజమాన్యం అలాంటి శాఖను మూసివేయవచ్చు. కాలువలు, చెరువులు, బిందు సేద్యం, సౌర విద్యుత్ వంటి అవసరాలున్న సీమలో ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఆ వెసులుబాటు లేదు. శాశ్వత అధ్యాపకుల కొరతను ఒప్పంద, తాత్కాలిక నియామకాలతో నెట్టుకురావడం రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటినీ వేధిస్తున్న సమస్య. అధ్యాపకుడు నిలకడగా ఉంటేనే ప్రయోగశాల పనిచేస్తుంది, పరిశోధన సాగుతుంది.

మద్రాసు నుంచి కళాశాలను అనంతకు రప్పించుకోవడానికి రెండేళ్లు పట్టింది. అరువు ఆవరణలో మొదలైన ఆ చదువు నాణ్యతను నిలబెట్టడం మాత్రం ఏటేటా చేయవలసిన పని. పేదింటి విద్యార్థికి సీటు దక్కడంతో పాటు ఆ సీటుకు విలువ నిలిచినప్పుడే 1946 నాటి ఆశయం సార్థకమవుతుంది.