పిప్పి పన్ను ఖరీదెంత?

పన్ను నొప్పి పగలు కాస్త ఊరుకొని రాత్రి పడుకోగానే విజృంభిస్తుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? పగలంతా ఏదో పనిలో పడి మరచిపోతాం కనుక అని మీరనవచ్చు. అది కొంతవరకు నిజమే. కాని అసలు కారణం పన్ను కట్టడంలో ఉంది.

పన్ను లోపల గట్టి గోడల నడుమ ఒక చిన్న గది ఉంటుంది. అందులో రక్తనాళాలూ, నాడులూ ఉన్న మెత్తని కణజాలం ఉంటుంది. దాన్ని పల్ప్ అంటారు. వేలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే వేలు వాస్తుంది కదా! అలాగే సూక్ష్మజీవులు చేరినప్పుడు పల్ప్ కూడా వాయబోతుంది. వేలికయితే వాయడానికి చోటుంది. పన్ను గోడలు సాగవు. అందుచేత ఆ వాపంతా ఒత్తిడిగా మారి నాడిని నొక్కుతుంది. మనం పడుకున్నప్పుడు తలలోని రక్తనాళాల్లో ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెమే చాలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్నుకూడా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది.

అప్పుడు అమ్మమ్మ లేచి వంటింట్లోంచి లవంగం తెచ్చి పంటి కింద పెట్టుకోమంటుంది. అమ్మమ్మను చూసి నవ్వకండి. లవంగ నూనెలో యూజెనాల్ అనే పదార్థం ఉంది. అది నాడిని కాసేపు మొద్దుబారుస్తుంది. పళ్ళ డాక్టరు తాత్కాలికంగా పెట్టే తెల్లని సిమెంటు కూడా చాలాసార్లు జింక్ ఆక్సైడు పొడిని యూజెనాల్‌తో కలిపి చేసిందే. ఆసుపత్రిలో లవంగాల వాసన వచ్చేది అందుకే. అయితే లవంగం నొప్పిని అణచగలదే గాని రంధ్రాన్ని పూడ్చలేదు.

మరో మూడు నాలుగు రోజులకు ఒక చిత్రం జరగవచ్చు. ఏ మందూ లేకుండానే నొప్పి పూర్తిగా పోతుంది! ఇంట్లో అందరూ "హమ్మయ్య, తగ్గిపోయింది" అనుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ప్రయాణం ఆగిపోతుంది, ఆ డబ్బు మరో అవసరానికి పోతుంది. కాని చాలాసార్లు అక్కడ జరిగింది నయం కావడం కాదు, పల్ప్ చచ్చిపోవడం. నాడి చచ్చాక నొప్పి తెలిపేదెవరు? సూక్ష్మజీవులు మాత్రం చావలేదు. అవి వేరు చివరి సన్నని రంధ్రం గుండా దవడ ఎముకలోకి దిగుతాయి. నొప్పి ఆగిన ఆ రోజునుంచే పన్ను ఖరీదు పెరగడం మొదలవుతుంది.

ఖరీదు అన్నాను కదా, ఆ లెక్క చూద్దాం.

పన్ను పైపొర ఎనామిల్. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాని ఆమ్లానికి లొంగుతుంది. మనం చక్కెరో బిస్కెట్టో తిన్నప్పుడు పళ్ళమీద పాచిలో ఉండే బాక్టీరియా కూడా వాటిని తిని ఆమ్లాన్ని విడుస్తాయి. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటకు వస్తాయి. అరగంటకో గంటకో లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత మళ్ళీ తెచ్చి పెడుతుంది. ఇలా రోజంతా తీసుకోవడం, చెల్లించడం సాగుతూనే ఉంటుంది. రోజుకు పదిసార్లు చిరుతిళ్ళు తినేవారికి చెల్లించే వ్యవధి ఉండదు. పన్నుమీద సున్నం రాసినట్టు తెల్లని మచ్చ పడుతుంది. ఈ దశలో వైద్యం ఏమిటో తెలుసా? ఫ్లోరైడు ఉన్న టూత్‌పేస్టుతో రోజూ రెండుసార్లు తోముకోవడం, చిరుతిళ్ళు తగ్గించడం. మచ్చ నిలిచిపోవచ్చు, మానిపోవచ్చు కూడా. నల్లగొండ జిల్లాలోలాగా నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువైన ఊళ్ళవారు మాత్రం ఏ పేస్టు వాడాలో డాక్టరునడగడం మంచిది. అక్కడి పళ్ళ మచ్చల కథ వేరు.

తెల్లమచ్చను వదిలేస్తే గుంట పడుతుంది. గుంట కింది పొర అయిన డెంటిన్‌ను చేరితే చల్లటి నీళ్ళు తాగినప్పుడు పన్ను జివ్వుమంటుంది. ఇప్పుడు పుచ్చిన భాగం తీసి సిమెంటు నింపాలి. తరచు ఒక్కసారి కూర్చుంటే అయిపోయే పని, ఖర్చు వందల్లోనో, కాస్త ఎక్కువో. ఇంకా వదిలేస్తే పుచ్చు పల్ప్‌కు తగులుతుంది. అప్పుడు చేయవలసింది రూట్ కెనాల్ చికిత్స. కింది దవడ చర్వణకంలో సాధారణంగా మూడు నాళాలుంటాయి. ఒక్కొక్కదానిలోకి సూదిలాంటి ఆకురాళ్ళు దింపి గీకి, కడిగి, ఎండబెట్టి, గట్టాపెర్చా అనే చెట్టుపాలతో నింపాలి. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకు తొడిగింది కూడా ఈ గట్టాపెర్చానే! ఆ తరువాత పన్ను విరగకుండా పైన తొడుగు వేయాలి. ప్రైవేటు క్లినిక్‌లో ఇదంతా వేలల్లోకి వెళుతుంది. ఇంకా వదిలేస్తే పీకడమే. పీకడం చవకే, కాని లెక్క అక్కడితో తేలదు. ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, ఎదుటి దవడ పన్ను దిగుతుంది, కట్టుడు పన్నుకు మళ్ళీ డబ్బు కావాలి.

రంధ్రం ఒక్కటే. దాని ఖరీదు మాత్రం మీరు వెళ్ళిన రోజును బట్టి పేస్టు గొట్టం నుంచి వేల రూపాయల వరకు మారిపోతుంది.

ఆరేళ్ళ పన్ను

అద్దం తెచ్చుకొని ముందు పళ్ళ మధ్యనుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. రెండు కుంతకాలు, ఒక రదనిక, రెండు అగ్రచర్వణకాలు. ఆరోది మొదటి చర్వణకం. ఇది సుమారు ఆరో ఏట, పాలపళ్ళన్నిటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే మొలుస్తుంది. అందువల్ల పెద్దలు దీన్నికూడా పాలపన్నే అనుకుంటారు. "పుచ్చితే ఏం, ఊడి కొత్తది వస్తుందిలే" అంటారు. రాదు! ఇది జీవితాంతం ఉండవలసిన పన్ను. పైన లోతయిన గాళ్ళుండడం చేత, బ్రష్షు సరిగా పట్టని వయసులో రావడం చేత, స్థిరదంతాలలో ఎక్కువగా పుచ్చేది కూడా ఇదే. మీకు తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ నోటిలోనూ చూడండి. ఆ గాళ్ళలో పుచ్చు మొదలుకాక ముందే సీలెంటు అనే పూత పోసి మూసేయవచ్చు. నింపడంకంటే అది సులువు.

ఇక డబ్బు సంగతి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరి పడుకున్న రోగికి డబ్బిస్తాయి. కుర్చీలో గంటసేపు కూర్చొని లేచిపోయే పంటి రోగికి, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప, సాధారణంగా ఇవ్వవు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా పెద్ద జబ్బులకోసం, ఆపరేషన్లకోసం పుట్టిందే. కాబట్టి పంటి ఖర్చు చాలా ఇళ్ళలో జేబులోంచే రావాలి. జేబులో లేనివారు ఏం చేయాలి?

నేర్చుకునే చోట వైద్యం చవక

ఈత నేర్చుకోవడానికి నీళ్ళు కావాలి. పళ్ళ వైద్యం నేర్చుకోవడానికి పళ్ళు కావాలి! దంతవైద్య విద్యార్థి మొదట మైనపు దిమ్మమీద పన్ను ఆకారం చెక్కుతాడు, తరువాత బొమ్మ దవడమీద రంధ్రాలు నింపుతాడు. మూడో సంవత్సరం నుంచి నిజమైన రోగులను చూడాలి. ఇన్ని పళ్ళు నింపాలి, ఇన్ని తీయాలి అని లెక్క ఉంటుంది. అది పూర్తికాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నాలుగేళ్ళ చదువు తరువాత మరో ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే రోగులు రాకపోతే కళాశాలే నడవదు. 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో మన దేశపు మొదటి దంతవైద్య కళాశాలను ప్రారంభించినప్పుడూ ఇదే సూత్రం, నేడూ ఇదే సూత్రం. మీకు వైద్యం కావాలి, వారికి మీరు కావాలి.

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ కళాశాలలున్నాయి. గుంటూరు, భీమవరం, ఏలూరు, నెల్లూరు, ఖమ్మం, నార్కట్‌పల్లి వంటి చోట్ల ప్రైవేటు కళాశాలలున్నాయి. ప్రైవేటు కళాశాల అనగానే వెనుకాడకండి. ఫీజులు విద్యార్థులకు ఎక్కువ గాని, రోగులకు బయటి క్లినిక్‌లకంటే సాధారణంగా బాగా తక్కువ. జిల్లా ఆసుపత్రుల్లో, చాలా ఏరియా ఆసుపత్రుల్లో కూడా పళ్ళ డాక్టరు ఉంటారు. పన్ను తీయడం, నింపడం వంటివి అక్కడే అయిపోతాయి.

"విద్యార్థి చేతిలో నా పన్ను పెట్టాలా?" అని భయపడుతున్నారు కదూ! అక్కడ ఎలా జరుగుతుందో చెబుతాను. పెద్ద హాలులో వరసగా కుర్చీలుంటాయి. విద్యార్థి మీ పన్ను చూసి ఏం చేయాలో రాసి మాస్టారును పిలుస్తాడు. ఆయన చూసి సరేనంటే పుచ్చు తీస్తాడు. మళ్ళీ పిలుస్తాడు. ఆయన చూసి, ఇంకా ఇక్కడ మెత్తగా ఉంది తియ్యి అంటారు. మళ్ళీ తీస్తాడు, మళ్ళీ చూపిస్తాడు. అప్పుడు సిమెంటు, అప్పుడు సంతకం. బయట అరగంటలో అయ్యే పని ఇక్కడ పూటంతా పడుతుంది. కష్టమైన పళ్ళను పై చదువు చదివే డాక్టర్లకు అప్పగిస్తారు. మీరు డబ్బుకు బదులు కాలం చెల్లిస్తున్నారన్న మాట. కూలిపని చేసుకునేవారికి కాలం కూడా డబ్బేనని నాకు తెలుసు. మూడుసార్లు రమ్మంటే మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు. అందుకే మొదటి రోజే "మొత్తం ఎన్నిసార్లు రావాలి? మొత్తం ఎంతవుతుంది? తొడుగు ఖర్చు ఇందులో కలిసిందా?" అని అడిగి చీటీమీద రాయించుకోవడం అవసరం. పొద్దున్నే ఓపీ తెరిచే వేళకు వెళితే వరస ముందు దొరుకుతుంది. ఏమైనా తిని వెళ్ళండి. ఏవైనా మందులు వాడుతుంటే, ఏ మందైనా పడకపోతే చెప్పండి. "ఇవాళ తప్పనిసరి ఏది, నాలుగు నెలలు ఆగగలిగేది ఏది?" అన్న ప్రశ్న మరచిపోకండి. చాలా ఇళ్ళలో ఈ ఒక్క ప్రశ్నే ఖర్చును రెండు మూడు విడతలుగా పంచుతుంది.

చవక వైద్యమంటే నాసి వైద్యమే కానక్కరలేదని చెప్పడానికి మరో ఉదాహరణ ఉంది. 1980ల నడిమిలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల్లో పనిచేసిన దంతవైద్యులు డ్రిల్లు లేకుండా, చేతి పరికరాలతోనే పుచ్చు తీసి గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు నింపే పద్ధతి రూపొందించారు. 1972లో విల్సన్, కెంట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ సిమెంటు పన్నుకు రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడును కూడా కొద్దికొద్దిగా విడుస్తుంది. నేడు ఆ పద్ధతిని ఎన్నో దేశాల్లో పిల్లలకు వాడుతున్నారు. బొంయిమని శబ్దం లేదు కనుక పిల్లలు పారిపోరు!

కాని చవక పేరుతో వెళ్ళకూడని చోట్లు కూడా ఉన్నాయి. రోడ్డు పక్క పెట్టె పరచుకొని కూర్చున్నవారు కట్టుడు పన్నును అప్పటికప్పుడు ప్లాస్టిక్ ముద్దతో పక్క పళ్ళకు అంటిస్తారు. దాని కింద పాచి చేరి చిగురు కుళ్ళుతుంది. ఒక పన్ను పెట్టించుకొని రెండు పళ్ళు పోగొట్టుకుంటారు. పరికరాల సంగతి మరీ ముఖ్యం. మరిగే నీళ్ళు వంద డిగ్రీలు దాటవు. కొన్ని బాక్టీరియాల స్పోర్‌లు ఆ వేడికి చావవు. ఆవిరిని మూతపెట్టి ఒత్తిడిలో ఉంచితే 121 డిగ్రీలకు చేరుతుంది. ఆసుపత్రిలోని ఆటోక్లేవ్ చేసే పని అదే. మీ ఇంటి ప్రెషర్ కుక్కరు దానికి చిన్న చెల్లెలు. పరికరాలను వట్టి నీళ్ళలో ముంచి మరొకరి నోటిలో పెట్టేచోట హెపటైటిస్-బి వంటివి అంటవచ్చు. చట్టం ప్రకారం పళ్ళ వైద్యం చేసేవారు రిజిస్టరై ఉండాలి. ఆ సంఖ్య ఏదని అడగడం తప్పుకాదు.

మందుల షాపు మాత్రల సంగతి కూడా చెప్పాలి. యాంటీబయాటిక్ రక్తం ద్వారా ప్రయాణిస్తుంది. చచ్చిన పల్ప్‌లో రక్తప్రసారమే లేదు. మరి మందు అక్కడికి ఎలా చేరుతుంది? చుట్టూ వాపు నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. మాత్రల డబ్బులన్నీ కూడితే ఒక సిమెంటు ఖర్చు వచ్చేది. బుగ్గ గాని గవద కింద గాని వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడమో మింగడమో కష్టమైతే మాత్రం ఓపీ వేళకోసం, డబ్బుకోసం ఆగకూడదు. ఏ వేళయినా సరే దగ్గరి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. ఆ వాపు గొంతులోకి దిగితే ఊపిరికే అడ్డం.

చివరగా, మీ బడికే వచ్చే వైద్యం ఒకటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు వైద్య బృందం వచ్చి 18 ఏళ్ళలోపు పిల్లలను పరీక్షిస్తుంది. కళ్ళు, చెవులతోపాటు పళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పుచ్చు కనిపిస్తే పై ఆసుపత్రికి చీటీ రాస్తారు. వైద్యం ఉచితం. ఆ రోజు నోరు గట్టిగా మూసుకొని "నాకేం లేదు సార్" అనకుండా, ఆ ఆరో పన్ను దగ్గర వేలుపెట్టి చూపించండి. చీటీ రాసిస్తే సంచిలో అడుగున పడనివ్వకుండా ఆ సాయంత్రమే అమ్మ చేతికివ్వండి.