అంగారకుని ఇసుకలో నీటి జాడ

కడప జిల్లా గండికోట అంచున నిలబడి కిందికి చూసినవారికి నీటి బలం ఎంతటిదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఏడాదిలో అధికభాగం ఇసుకమేటలతో కనిపించే పెన్న, ఎర్రమల కొండలను నిలువునా కోసి ఆ లోయను చేసింది. కోటలోని జుమా మసీదును చూడవెళ్లే కుటుంబాలు ఆ అంచుదాకా కూడా వెళ్లిరావాలని మా మనవి. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలదీ అదే కథ. సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడిన 3,229 మీటర్ల సొరంగాలవి. నేడు వాటిలో చాలా దూరం పొడినేలపైనే నడుస్తాం; అడుగున పాతాళగంగ వద్ద మాత్రం సన్నని ధార కనిపిస్తుంది. నీరు పోయినా రాతిపై దాని పనితనం మిగిలింది. పొరుగున ఉన్న అంగారక గ్రహంపై శాస్త్రజ్ఞులు చదువుతున్నది ఇటువంటి రాతనే.

అరబ్బీలో ఈ గ్రహం పేరు అల్-మిర్రీఖ్. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి దూరదర్శినిలో దానిపై గీతలు చూసి ‘కనాలీ’ అన్నాడు. ఆయన భాషలో ఆ మాట సహజమైన పాయకు కూడా చెల్లుతుంది. ఆంగ్లంలోకి వచ్చేసరికి తవ్విన కాలువ అయింది. అమెరికాకు చెందిన పెర్సివల్ లోవెల్ ఇంకా ముందుకు పోయి, ఎండిపోతున్న ఆ గ్రహవాసులు ధ్రువాల మంచునీటిని కాలువల ద్వారా తెచ్చుకొంటున్నారని గ్రంథాలే వ్రాశాడు. 1877 అనగానే సీమవాసులకు గుర్తు రావలసింది మరొకటి. అది ధాత కరువు కాలం. సుంకేసుల నుంచి తవ్విన కర్నూలు–కడప కాలువ అప్పటికే ఉన్నది. అయినా ఈ జిల్లాలలో జనం ఆకలితో రాలిపోయారు. లోవెల్ దొర మా కాలువ గట్టుపై ఒక్క వేసవి గడిపి ఉంటే అంత ధీమాగా వ్రాసేవాడు కాదేమో!

1965లో మారినర్ 4 నౌక పంపిన ఛాయాచిత్రాలలో కాలువలు లేవు. గోతులతో నిండిన ఎండునేల కనిపించింది. ఆపై 1971లో కక్ష్యను చేరిన మారినర్ 9 ఎండిన నదీలోయలను చూపింది. 2008లో ఫీనిక్స్ నౌక ఉత్తర ధ్రువానికి చేరువలో కొద్ది అంగుళాల లోతున మట్టిని గోకగా తెల్లని ముక్కలు బయటపడి, నాలుగు రోజులలో మాయమయ్యాయి. ఉప్పయితే అలా మాయం కాదు. అది మంచు. 2012లో దిగిన క్యూరియాసిటీకి గుండ్రని గులకరాళ్లు దొరికాయి. పెన్న ఇసుకలో ఆడుకొన్న పిల్లవాడు కూడా వాటిని చూసి ఏటిరాళ్లని చెప్పగలడు.

అయితే ప్రతి జాడా నీరు కాదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని బోరు వేయించి, దుమ్ము మాత్రమే చూసిన రైతులు మన ప్రతి పల్లెలోనూ ఉన్నారు. 2018లో మార్స్ ఎక్స్‌ప్రెస్ రాడార్, దక్షిణ ధ్రువపు మంచు కింద ఒకటిన్నర కిలోమీటరు లోతున సుమారు 20 కిలోమీటర్ల వెడల్పున ద్రవజలం ఉన్నట్లు సూచించింది. బంకమట్టి నుంచి కూడా అటువంటి ప్రతిధ్వనే రావచ్చునని తరువాత ఇతర శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. కొబ్బరికాయతో పోల్చడం రాడార్‌కు అన్యాయమే కాని, ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకపోవడం మాకు నచ్చింది.

ఇంతకూ ఆ నదులు ఏమైనట్లు? కొంత నీరు మంచుగా, కొంత రాళ్లలో బంధింపబడి మిగిలింది. మరికొంత ఆకాశంలోకి జారిపోయింది. అక్కడి వాయుపీడనం మన భూమిపై ఉన్నదానిలో నూరోవంతు కూడా లేదు. చెంబెడు నీరు పోస్తే కొంత ఆవిరై, మిగిలింది గడ్డకడుతుంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన మంగళయాన్‌లో హైడ్రోజన్ రకాలను కొలిచి ఈ నష్టాన్ని అంచనా వేయడానికి ఒక పరికరం ఉండేది. సీమ బిడ్డలెందరో చెమటోడ్చే అరబ్ ఎమిరేట్ల నౌక అల్-అమల్ కూడా 2021 ఫిబ్రవరిలో అక్కడికి చేరి, అంతరిక్షంలోకి తప్పించుకుపోతున్న హైడ్రోజన్, ఆక్సిజన్‌లను పరిశీలించింది. అల్-అమల్ అంటే ఆశ.

మేము మదరసాలో తయమ్ముమ్ అధ్యాయం బోధించేటప్పుడు, నీరు లేకపోవడమంటే ఏమిటన్న చర్చ చాలాసేపు సాగుతుంది. దగ్గరలో నీరుంటుందన్న నమ్మకం కలిగితే మొదట వెతకాలి. బావి కళ్లెదుటే ఉన్నా, తాడూ బొక్కెనా లేకపోతే నీరు లేనట్లే లెక్క అని మన ఫుఖహాలు వ్రాశారు. వేసవిలో మా విద్యార్థులకు ఈ మస్అలా ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ఎండిన బోరు పక్కన కూర్చొని చదివేవారే చాలామంది.

అంగారకునిపై నీటి సంగతి ఇప్పుడు సరిగ్గా ఆ బావి దగ్గర ఆగింది. ఇన్‌సైట్ నౌక నమోదు చేసిన ప్రకంపనలను బట్టి, 11.5 నుంచి 20 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్లలో నీరు ఉండవచ్చునని 2024లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన వేయి అడుగుల బోర్లను 37కు పైగా ఒకదాని కింద ఒకటి పేర్చితే గాని ఆ లోతు మొదలు కాదు. భూమిపైనే, రష్యాలోని కోలా వద్ద ఏళ్ల తరబడి తవ్వినా నిలువు లోతు 12 కిలోమీటర్లు దాటి కొంచెమే పోగలిగారు.

అందుకే పైపొరలోని రాళ్లే ప్రస్తుతం ఆధారం. 2021 ఫిబ్రవరి 18న పర్సివరెన్స్ దిగిన జెజెరో బిలంలో ఒకప్పుడు సరస్సు ఉండేది. అందులోకి నది తెచ్చి పోసిన ఒండ్రు నేటికీ విసనకర్రలా పరచుకొని ఉన్నది. ఆ రాళ్లను తొలిచి గొట్టాలలో భద్రపరచి, వాటిలో పదింటిని ఆ వాహనం అక్కడి నేలపైనే వరుసగా ఉంచింది. వాటిని భూమికి తేవలసిన నౌక ఇంకా బయలుదేరలేదు.