ఒలిచిన రొయ్య ఏ పద్దులో చేరును?

చెరువు పట్టుబడి నాడు రొయ్యల రైతు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈ రోజు కౌంటు ధర ఎంత?" కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో దానిని బట్టి గట్టు మీదనే బేరము తెగును. ఐసు పెట్టెలు లారీ ఎక్కిన పిమ్మట ఆ సరుకు సంగతి మనకు పట్టదు. కాని ఆ లారీ చేరిన ఫ్యాక్టరీలో రొయ్యకు ఏమి చేసినారు, తల మాత్రమే తీసినారా, పెంకు ఒలిచినారా, ఉడికించినారా, మసాలా పట్టించినారా అనుదానిని బట్టి విదేశపు రేవులో దానిపై పడు సుంకము మారును. కొనువాడు ఆ సుంకమును ముందుగానే లెక్క వేసికొనును గనుక, దాని భారములో కొంత తిరిగి మీ గట్టు ధర మీదనే పడును. వ్యవసాయ శాఖ వారికి రేవు సుంకములతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. ఉండి, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో ఎన్నో వరి మడులు రొయ్యల చెరువులైన తరువాత ఆ ప్రశ్నకు బలము లేదు.

ప్రపంచ వర్తకములో ప్రతి సరుకునకు ఒక సంఖ్య కలదు. ఈ పట్టిక 1988 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. బ్రస్సెల్సు నగరములోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీనిని నిర్వహించుచు, కొన్ని సంవత్సరముల కొకసారి సవరించుచుండును. మొదటి 6 అంకెలు దీనిని అనుసరించు దేశములన్నిటిలోను ఒకటే. తరువాతి అంకెలను ఎవరికి వారు చేర్చుకొందురు. మన దేశములో మొత్తము 8, అమెరికాలో 10. భూమికి సర్వే నంబరు ఎట్టిదో సరుకునకు ఈ నంబరు అట్టిది. సర్వే నంబరు తప్పుపడిన దస్తావేజు ఎంత చిక్కు తెచ్చునో గ్రామాధికారులకు చెప్పనక్కరలేదు.

రొయ్యలు, పీతల వంటి పెంకు జీవులకు ముఖ్యముగా రెండు పద్దులు కలవు. ఒకటి 3వ అధ్యాయములోని 0306. రెండవది 16వ అధ్యాయములోని 1605. ఇది "తయారు చేసిన లేక నిలువ చేసిన" సరుకునకు. పేరు చూచి ఐసులో పెట్టిన రొయ్యయు నిలువ చేసినదే కదా అని పొరబడరాదు. బ్రతికి ఉన్నది, పచ్చిది, ఐసులో పెట్టినది, గడ్డ కట్టించినది, ఎండబెట్టినది, ఉప్పు పట్టించినది, పొగ పట్టినది, ఇవన్నియు 0306 లోనివే. పెంకు ఒలిచినంత మాత్రమున గాని, నరము తీసినంత మాత్రమున గాని పద్దు మారదు.

చిక్కంతయు ఉడికించుటలో ఉన్నది. పెంకుతోనే నీటిలో గాని ఆవిరి మీద గాని ఉడికించిన రొయ్య 0306 లోనే ఉండును. అదే రొయ్యను ఒలిచి ఉడికించినచో 1605 లోనికి పోవును. పచ్చి రొయ్యకు రొట్టె పొడి అద్దినను, మసాలా ముద్ద పట్టించినను 1605 లోనికే. అనగా ఒకే చెరువులో ఒకే నాడు పట్టిన సరుకు, ఒకే ఫ్యాక్టరీలో రెండు బల్లల మీద రెండు అధ్యాయములుగా విడిపోవచ్చును.

దీని వలన కలుగు తేడా చిన్నది కాదు. ఐరోపా సమాఖ్య సాధారణ సుంకపు పట్టికలో మనము పెంచు వనామీ వంటి రొయ్య పచ్చిగా గడ్డ కట్టించినచో 12 శాతము; ఒలిచి ఉడికించినచో 20 శాతము. రాయితీలు, ఒప్పందములను బట్టి ఈ రేట్లు తగ్గవచ్చును గనుక బేరమునకు ముందు ఆ నాటి రేటు చూచుకొనవలెను. ఒలుచు బల్లల వద్ద వందలాది స్త్రీలకు కూలి దొరకు సరుకు మీదనే హెచ్చు సుంకము వేయుట న్యాయముగా తోచదు. కాని ముడి సరుకును చౌకగా రానిచ్చి, పనితనము చేరిన సరుకును అడ్డుట ధనిక దేశముల పాత అలవాటు.

అమెరికా సంగతి వేరు. అక్కడ 2005 ఫిబ్రవరిలో మన దేశపు గడ్డ కట్టిన వెచ్చని నీటి రొయ్యల మీద, చౌకగా కుమ్మరించుచున్నారను ఆరోపణతో, అదనపు సుంకపు ఉత్తర్వు వెలువడినది. పచ్చివి, ఉడికించినవి, పెంకుతో ఉన్నవి, ఒలిచినవి అన్నియు దానిలో చేరినవి. రొట్టె పొడి అద్దినవి, డబ్బాలలో సీలు వేసినవి మినహాయింపబడినవి. ఆ ఉత్తర్వులో సంఖ్యలు సౌకర్యము కొరకు మాత్రమే, వ్రాతలోని వర్ణనయే ప్రమాణము. కనుక పద్దు మార్చి వ్రాసి తప్పించుకొందమని ఎవరైన సలహా ఇచ్చిన నమ్మవద్దు. మన కస్టమ్స్ చట్టము, 1962 క్రింద కూడ వర్ణన తప్పిన ఎగుమతి సరుకు జప్తునకు గురి కావచ్చును.

పీతలకును ఇదే సూత్రము. బ్రతికిన మడ పీత 0306. ఉడికించి మాంసము తీసి డబ్బాలో పెట్టినది 1605. ఆల్చిప్పలు మొదలగు వానికి పచ్చి పద్దు 0307. చిప్ప తెరచుకొనుటకు మాత్రము వేడి నీట ముంచి తీసిన దానిని ఉడికించినదిగా ఎంచరు. నిజముగా వండినచో 1605.

ఇక ఇంటి వద్ద సరుకు చేయువారి మాట. ఎండు రొయ్యలు 0306. వానిని దంచి తినుటకు పొడి చేసినచో 2022 సవరణ నుండి 0309 అను క్రొత్త పద్దు. వేయించి నూనె, కారము కలిపిన రొయ్యల పచ్చడి 1605 లోనిది. అయితే ఇచట ఒక తూకము కలదు: మొత్తము బరువులో రొయ్య, చేప, మాంసము కలిసి 20 శాతమునకు మించి ఉండవలెను. గోంగూర రొయ్యల పచ్చడిలో గోంగూర విరివిగా వేసి రొయ్యను పలుచన చేసినచో, అది 16వ అధ్యాయము విడిచి పోవును. కంటి అంచనా చాలదు. ప్రతి తయారీలోను ఏ దినుసు ఎంత వేసినదియు తూచి వ్రాసి ఉంచుడు. ఊరిలో అమ్ముకొను పొదుపు సంఘములకు కూడ ఇది పనికివచ్చును, ఏలయనగా జి.ఎస్.టి. కూడ ఈ సంఖ్యలనే అనుసరించును. 1605 సరుకు మీద 12 శాతముగా ఉన్న ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతమునకు తగ్గినది.

సందేహము ఉన్నప్పుడు సరుకు రేవు చేరక ముందే అడుగవచ్చును. ఢిల్లీ, ముంబయి నగరములలో కస్టమ్స్ ముందస్తు నిర్ణయ అధికార సంస్థలు 2021 జనవరి నుండి పని చేయుచున్నవి. ఈ సరుకు ఏ పద్దులోనిది అని దరఖాస్తు పెట్టుకొన్నచో వ్రాతపూర్వకముగా నిర్ణయము చెప్పుదురు. అది మన కస్టమ్స్ వారికే వర్తించును. దిగుమతి దేశపు నిర్ణయమును అక్కడి కొనుగోలుదారుచే అడిగించవలెను. దరఖాస్తులో జాతి పేరు, పెంకు ఉన్నదా లేదా, వేడి తగిలినదా, తగిలిన ఒలువక ముందా తరువాతనా, ఏమేమి ఎంతెంత కలిపినారు, ఏ పొట్లములో కట్టినారు అనునవి స్పష్టముగా వ్రాయవలెను. ఉత్పత్తిదారుల సంఘములుగా ఏర్పడి స్వయముగా ఎగుమతి చేయదలచిన రైతులు ఈ వివరములను ఫ్యాక్టరీ వారి నుండి ఒప్పందము నాడే కాగితము మీద తీసికొనుట మంచిది; కంటైనరు సీలు పడిన పిమ్మట అవి రాబట్టుట కష్టము.